దయ లేదని రాసిన అర్జీ

లెస్టేర్ ఊరు, కారియకూ
20 ఫిబ్రవరి 1961

డోరిల్డాకి నీ వదిన ఎథ్లిన్ రాయునది.

నువ్వు బాగున్నావని అనుకుంటున్నాను. పోయిన ఉత్తరానికి జవాబు రాలేదు కాబట్టి బాగాలేవేమో అని కూడా అనుకుంటున్నాను. ఉత్తరాల పడవ మునిగిందేమో అని రెండు రోజులు అన్నం సయించలేదు. నిన్న చర్చిలో పడవ కెప్టెన్ కనిపించాడు, పొడిగానే ఉన్నాడు. మీ సెయింట్ జార్జెస్‌లో ఆ మెట్లదారులు వానకి జారతాయి. గోడ పట్టుకుని దిగు.

నాకొచ్చిన కష్టం చెప్తాను. మన గాడిద డచెస్‌ని బందెలదొడ్డిలో పెట్టారు. పదిరోజులైంది.

కందికోత అయ్యేదాకా పశువుల్ని కట్టేసి ఉంచుతాం, అయ్యాక వదిలేస్తాం. ఆ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. వదిలే రోజు ఫలానా అని హిల్స్‌బరోలో ఆఫీసు తలుపు మీద కాగితం అంటిస్తారు. దాన్ని చూసి రావడానికి మన ఊళ్లో ఎవరు పోతారు? పక్కూరు హార్వేవేల్ వాళ్ల మేకలు రోడ్డెక్కితే మనం విప్పుతాం, మనవి రోడ్డెక్కితే వాళ్లు విప్పుతారు. ఏనాటి నుంచో అలాగే నడుస్తోంది. ఆ పదిరోజుల కిందటి శనివారం పొద్దున మన పక్కింటి సిరిల్ మేక రోడ్డు మీద నిలబడి ఉంది. ఓహో వదిలేశారన్నమాట అనుకుని డచెస్ తాడు విప్పేశాను. తీరా చూస్తే ఆ మేక తాడు తెంపుకొచ్చిందట. కాగితం మీద ఉన్నది సోమవారం. రెండు రోజుల ముందు విప్పినందుకు పట్టుకుపోయారు.

ఆ సోమవారం నుంచి దీవి మొత్తం మేకలే, ఆవులే. చర్చి మెట్ల మీద గొర్రెలు పడుకుంటున్నాయి. లోపల ఉన్నది మన గాడిద ఒక్కతే. సిరిల్ మేక పోయి కంచె బయట నిలబడి దాన్ని చూస్తోంది.

రుసుము కట్టి విడిపించుకుందామని పోయాను. దొడ్డి అధికారి గోడకున్న జాబితా చూపించాడు. ఆవు, గొర్రె, మేక, అంతే. గాడిద లేదు. "లేని రుసుము తీసుకోకూడదు, తీసుకోకుండా వదలకూడదు" అన్నాడు. పోనీ నీళ్లైనా సరిగ్గా పడుతున్నావా నాయనా అంటే, నీళ్ల జాబితాలోనూ గాడిద లేదు, అందుకని మేక కొలత పోస్తున్నాను అన్నాడు. మేక కొలతంటే పాలడబ్బాతో రోజుకి నాలుగు. నేను బావి నుంచి బిందె నెత్తిన పెట్టుకుని తీసుకెళ్లాను. బయటి నీళ్లు లోపలికి రాకూడదట. డచెస్ నా గొంతు గుర్తుపట్టి కంచె దాకా వచ్చింది. ఆ నీళ్లు దాని ఎదురుగానే నేను మళ్లీ నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది. ఆ అధికారి పేరెందుకులే. కొత్తగా వేశారు.

డచెస్ లేకపోతే నా కొండమీదికి నీళ్లెక్కవు, ఆ సంగతి నీకు తెలుసు. ఒక్కో బిందెకి ఒక పూట పడుతోంది. గురువారం మోకాలు మడతపడి సగం ఒలికిపోయాయి. ఇంకోసారి పడితే లేస్తానో లేదో.

టీచర్ లియోపోల్డ్ అర్జీ రాస్తానన్నాడు. రాసి చదివితే "జంతువుకు కొంత అసౌకర్యం" అని ఉంది. ఇదేం మాటయ్యా, చెప్పులో రాయి పడితే అనే మాట కదా అన్నాను. "ఇంతకంటే పెద్ద మాట నా అంతట నేను రాయను, ఉద్యోగం ఉన్నవాణ్ణి. ఎవరైనా తెచ్చిస్తే కాపీ చేస్తాను" అన్నాడు. నువ్వు వండిపెట్టే పిల్‌గ్రిమ్ గారు సెక్రటేరియట్‌లో పెద్ద గుమాస్తా చేసినవాడు కదా, దిండంత నిఘంటువుందని రాశావు కదా. బొత్తిగా దయ లేకుండా చూడ్డానికి ఆఫీసు వాళ్లకి తగిలే ఇంగ్లీషు మాట ఒకటి అడిగి పంపు. ఒక్కటి చాలు.

రాత్రిళ్లు దగ్గొస్తోంది, అది వేరే సంగతి.

నీ వదిన
ఎథ్లిన్


సెయింట్ జార్జెస్
1 మార్చి 1961

వదినా,

నేను బాగానే ఉన్నాను, నువ్వు నన్ను ఉత్తరానికోసారి చంపి మళ్లీ బతికించడం మానెయ్యి. మెట్ల మీద పడలేదు, పడను.

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండిపోయింది. గాడిద లేదని మేక కొలతా? ఏ తల్లి కన్నదో వాణ్ణి. ఆ తల్లికి చిన్నప్పుడు వీపు మీద రెండు వేసే తీరిక లేకపోయింది కాబోలు.

పిల్‌గ్రిమ్ గారికి సూపు పెడుతూ అడిగాను. ఆయన చెంచా కింద పెట్టేశాడు. రిటైరయ్యాక ఆయన్ని మాట అడిగిన మనిషి లేదు. లేచి పెట్టుడు పళ్లు సరిచేసుకుని, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సూపు చల్లారిపోయింది.

"ఆ అధికారి జంతువుని కొట్టాడా?" అన్నాడు. లేదండీ అన్నాను. "అయితే బ్రూటల్ కాదు. దానికి చెయ్యి లేవాలి. రూత్‌లెస్ అంటే అడ్డొచ్చినవాళ్లని తొక్కుకుంటూ పైకెళ్లేవాడు, మీవాడు కుర్చీలోంచే లేవలేదు. ఇన్‌హ్యూమేన్ రాయొద్దు, ఆఫీసులో దానికి అభ్యంతరం ఉండదు, మనిషితనం అక్కడ అర్హతల్లో లేదు." అలా అరగంట. చివరికి ఒకటి పట్టుకున్నాడు. మెర్సిలెస్. "దయ చేతిలో ఉండి కూడా ఇవ్వనివాణ్ణే అలా అనాలి, డోరిల్డా. దయ లేనివాడు వేరు, ఉండి బిగబట్టినవాడు వేరు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ మాట ఒక్క ఫైలులో కూడా చూళ్లేదు. కచ్చితంగా తగులుతుంది" అన్నాడు. అట్ట ముక్క మీద రాసిచ్చాడు, ఇందులో పెట్టాను. పెద్దక్షరంతో మొదలుపెట్టొద్దన్నాడు. పెడితే కోపంలో రాశారనుకుంటారట.

టీచర్ చేత రాయించు. గట్టిగా నొక్కి రాయమను. జాలిపడకు.

సంతోషం కబురు ఒకటి. మన అబ్బాయి సెల్విన్‌కి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ముప్పై అయిదేళ్లొచ్చాక దేవుడు కళ్లు తెరిచాడు. వివరం రాయలేదు గానీ టోపీ ఇచ్చారట, దానికి ఇత్తడి బిళ్ల ఉందట, తాళాల గుత్తి కూడా ఇచ్చారట. తాళాలున్న ఉద్యోగమంటే ట్రెజరీయే అయి ఉంటుంది. ఇక్కడ అందరికీ అలాగే చెప్పాను. వాడికి నీ చేత్తో ఒకసారి మొక్కజొన్న సంకటి, చేపల పులుసు పెట్టు. వాణ్ణి పెంచింది సగం నువ్వే కదా.

డోరిల్డా


లెస్టేర్
12 మార్చి 1961

డోరిల్డాకి,

అట్ట ముక్క అందింది. అట్ట తడిసింది గానీ అక్షరాలు పోలేదు.

టీచర్ లియోపోల్డ్ ఆ మాట చూసి తలుపు వేసి వచ్చాడు. రాసేటప్పుడు కలం రెండుసార్లు ముంచాడు. ఆ ఒక్కచోట సిరా మందంగా పడింది. బాగుందిలే, దూరం నుంచి కూడా అదే కనిపిస్తుంది అన్నాను. పాపం, ఆ పూట స్కూలుకి పోలేదు.

తర్వాత సంతకాలు. ఊరంతా డచెస్ కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లే, కలం ఇస్తే మాత్రం "మొదట ఎవరు పెట్టారు?" అంటారు. ఎవరూ పెట్టలేదంటే "అయితే వాళ్లు పెట్టాక రా" అంటారు. రెండు రోజులు తిరిగాను. చివరికి పడవలు కట్టే మెక్‌లారెన్ తాత ఒక ఉపాయం చెప్పాడు. పూర్వం ఓడలో కెప్టెన్ మీద ఫిర్యాదు చేసేటప్పుడు నావికులు పేర్లు గుండ్రంగా పెట్టేవాళ్లట, మొదటివాడెవడో తెలియకుండా. అలాగే పెట్టాం. అర్జీ బండి చక్రంలా అయింది. ఇరవై ఆరు పేర్లు చుట్టూ. సిరిల్ పేరు తలకిందులుగా పడింది, ఎవరైనా అడిగితే తనది కాదంటాడట.

శుక్రవారం పడవకి పోయింది. డచెస్‌కి తుంటి ఎముకలు కనిపిస్తున్నాయి. కంచె బయట నిలబడితే నా తలగుడ్డ కొస నాకింది. తడిగుడ్డ అనుకుని.

సెల్విన్ సంగతి రాశావు. సెల్విన్ బాగున్నాడు. టోపీ బాగుంది, తలకి సరిపోయింది. ట్రెజరీ గురించి నాకు తెలియదు. సంకటికి రమ్మని పిలవలేదు. నీకొక మాట చెప్పాలి, ఈ ఉత్తరం రెండు రోజులు పక్కన పెట్టి చూశాను, చెయ్యి ఆడలేదు. ఇంతటితో ఆపుతాను. నీ కాళ్ల వాపు ఎలా ఉంది?

ఎథ్లిన్


సెయింట్ జార్జెస్
25 మార్చి 1961

ఎథ్లిన్ క్వాషీ గారికి,

మీ అర్జీ చేరింది. ఎక్కడ చేరిందో చెప్తాను.

సెక్రటేరియట్‌లో ఆ మాట ఎవరికీ కొరుకుడు పడలేదట. ఇలాంటి మాటలు తెలిసినవాడు పిల్‌గ్రిమ్ ఒక్కడే అని ఫైలు కట్టి మా ఇంటికి పంపారు. నేను సూపు తెచ్చేసరికి ఆయన మురిసిపోతున్నాడు. "చూశావా డోరిల్డా, సరైన చోట పెట్టారు, చిన్నక్షరంతో పెట్టారు" అంటూ పైకి చదివాడు. "దొడ్డి అధికారి సెల్విన్ క్వాషీ ఈ జంతువు పట్ల చూపిన మెర్సిలెస్ ప్రవర్తన." సూపు గిన్నె నా చేతిలో ఉంది. ఎలా కింద పెట్టానో నాకు తెలియదు.

"క్వాషీ అంటే మీ వాళ్లెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మా ఊళ్లో సగం మంది క్వాషీలేనండీ అన్నాను. నా కొడుకుని నేనే లేడన్నాను. ఆ మాట నా నోట పలికించింది మీరు.

మాట నా చేత తెప్పించుకున్నావు. నా కొడుకు వీపు మీద నా చేతే వేయించావు. ఒక్క ముక్క, "వీడే వాడు" అని ఒక్క ముక్క రాస్తే నీ సిరా అయిపోయేదా? ఏ తల్లి కన్నదో అని నేను రాస్తే చదివి ఊరుకున్నావు. నిన్ను వదినా అని నలభై ఏళ్లు పిలిచాను.

ఆఫీసు వాళ్ల జవాబు మీకు వస్తుంది, ముందే చెప్తున్నాను, ఆయనే రాశాడు కాబట్టి. ఆ విశేషణం రుజువు కావాలి, లేదా వెనక్కి తీసుకోవాలి. అది తేలేదాకా జంతువు విషయం ఎత్తకూడదు. జంతువు సాక్ష్యం కాబట్టి అక్కడే ఉండాలి. రుజువైతే సెల్విన్ టోపీ తీసేస్తారు. వాడికి ఇంకో ఉద్యోగం ఈ జన్మలో రాదు.

వెనక్కి తీసుకోండి.

డోరిల్డా


లెస్టేర్
2 ఏప్రిల్ 1961

డోరిల్డా,

నువ్వు గారు అని రాసిన కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. నిద్ర పట్టలేదు. నువ్వు తిట్టింది న్యాయమే. ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు మాట పంపవు. మాట రాకపోతే గాడిద రాదు. ఇంతకంటే మంచి కారణం వెతికాను, లేదు.

నువ్వు అక్కడున్నావు, చూళ్లేదు. మొదటిరోజు పోయి, "సెల్విన్, తలుపు తియ్యి నాయనా" అన్నాను. వాడు లేచి నిలబడి టోపీ సర్దుకున్నాడు. "పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా మీరు అర్జీదారు. నాలుగు దాటాక అత్త" అన్నాడు. సరేలే అని నాలుగింటి దాకా రోడ్డు మీద కూర్చున్నాను. గంట కొట్టాక బయటికొచ్చి, "అత్తా, ఇంకా ఇక్కడే ఉన్నావా, ఎండలో కూర్చుంటే తల తిరగదా?" అన్నాడు. ఇప్పుడు తలుపు తీస్తావా అన్నాను. "ఇప్పుడు ఆఫీసు మూసేశాను అత్తా" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని కొండ కింద దాకా దింపాడు. ఆ చెయ్యి పట్టుకోవడంలో వంక పెట్టడానికి లేదు, అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

వాడికి భయం. ముందున్న అధికారిని, తన బావమరిది గొర్రెల్ని ఊరికే వదిలాడని తీసేశారు. అందుకని మనవాళ్లంటే వీడు మరింత బిగుస్తున్నాడు. బయటివాళ్ల ఆవైతే ఇంకో డబ్బా నీళ్లు పోసేవాడేమో. నేను అత్తనవడం డచెస్ నెత్తికి చుట్టుకుంది.

మొన్న డచెస్ ముందుకాళ్లు మడిచి కూర్చుండిపోయింది. గాడిద అలా పగలు కూర్చోదు. ఇంకో రెండు వారాలు ఆగదు. నేనూ ఆగలేను, బావి దగ్గరికి ఇప్పుడు కర్రతో పోతున్నాను. కర్ర ఒక చేతిలో ఉంటే బిందె సగమే ఎత్తగలను.

విచారణ పదో తారీఖున. నువ్వు వెనక్కి తీసుకోమంటే తీసుకుంటాను. ఒక్కటి మాత్రం నువ్వే చెప్పాలి. అది తీసేస్తే దాని చోట ఏం పెట్టను? పిల్‌గ్రిమ్ గార్ని అడిగి కాస్త చిన్నది పంపు.

నీ వదిననే అనుకుంటున్నాను. కాదంటే చెప్పు.

ఎథ్లిన్


సెయింట్ జార్జెస్
7 ఏప్రిల్ 1961

వదినా,

ఈ ముక్క కెప్టెన్ చేతికే ఇస్తున్నాను, పదిలోపు నీకు అందాలి.

చిన్న మాట అడిగాను. ఆయన చాలా తీశాడు. హార్ష్, స్ట్రిక్ట్, ఫర్మ్, అన్‌కైండ్. ఒక్కొక్కటీ అర్థం చెప్పించుకుని, వంటింట్లోకి పోయి పాలడబ్బాతో నాలుగు డబ్బాల నీళ్లు తొట్టిలో పోసి చూశాను. అడుగు కూడా సరిగ్గా తడవలేదు. తిరిగొచ్చి ఇది సరిపోదండీ అన్నాను. మళ్లీ ఇంకోటి, మళ్లీ తొట్టి. నాలుగోసారికి ఆయన, "ఇంతకీ నీళ్లు ఎవరికి?" అన్నాడు. అప్పుడు చెప్పేశాను, సెల్విన్ నా కొడుకని. ఆయన నిఘంటువు మూసేసి, కళ్లజోడు తీసి, ఆ పూట చల్లారిన సూపే తాగాడు.

నాకు మాట దొరకలేదు. ఏం చెయ్యమనాలో కూడా తెలియడం లేదు. గాడిద పోతే నీకు నీళ్లు లేవు. టోపీ పోతే వాడికి బతుకు లేదు. నువ్వు అక్కడ నిలబడినప్పుడు నీకేది తోస్తే అది చెయ్యి. నేను తర్వాత నిన్ను ఏమీ అనను. అంటే అప్పుడు చూసుకుందాం.

డోరిల్డా


లెస్టేర్
14 ఏప్రిల్ 1961

డోరిల్డాకి నీ వదిన ఎథ్లిన్ రాయునది.

ముందు మంచి మాట. డచెస్ ఇంటికొచ్చింది. వచ్చి అరగంట ఆగకుండా తాగింది, కడుపునొప్పి వస్తుందేమో అని భయమేసి నేనే తొట్టి లాగేశాను. మిగతాది చెప్తాను.

పదో తారీఖున హిల్స్‌బరో ఆఫీసులో కూర్చోడానికి చోటు లేదు. సంతకాలు పెట్టిన ఇరవై ఆరుగురిలో పంతొమ్మిది మంది వచ్చి, గోడవారగా, తాము ఊరికే అటుగా వెళ్తూ ఆగినట్టు నిలబడ్డారు. సెల్విన్ టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముఖం పీక్కుపోయింది. జిల్లా ఆఫీసరు అర్జీని తిప్పి తిప్పి చూశాడు, చక్రం కాబట్టి ఎటునుంచి చదవాలో తెలియలేదు.

"ఈ విశేషణం వెనక్కి తీసుకుంటారా, రుజువు చేస్తారా?" అన్నాడు.

"రుజువంటే ఏం చెయ్యాలి బాబూ?" అన్నాను.

"అధికారి చేతిలో దయ చూపే అవకాశం ఉండి కూడా చూపలేదని చూపించాలి."

నేను సెల్విన్ వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు. చూపించడం ఎంతసేపు? బిందె కథ చెబితే చాలు. ఊరంతా చూసింది. నోటిదాకా వచ్చింది. వాడి మెడ వెనక చిన్నప్పటి కాలిన మచ్చ ఉంది చూడు, నా పొయ్యి దగ్గర కాలింది, అది కనిపించింది. తీసుకుంటున్నాను బాబూ అన్నాను.

గోడవార జనం ఊపిరి వదిలారు. ఆఫీసరు ఆ మాట కొట్టేశాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన కలం పట్టుకుని, "వాక్యంలో ఖాళీ ఉండకూడదు. ఎలాంటి ప్రవర్తన? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు.

"నాకేం తెలుసు బాబూ. మీరే పెట్టండి. ఎవరికీ తప్పు రానిది పెట్టండి."

ఆయన కాసేపు కలం కొరికి, "అఫీషియల్ అని రాస్తున్నాను. ఆఫీసు పద్ధతి ప్రకారం జరిగిన ప్రవర్తన. దీనిలో ఆక్షేపణ లేదు, నిజం కూడా" అన్నాడు. పైకి చదివాడు. సెల్విన్ గాడిద పట్ల చూపిన అఫీషియల్ ప్రవర్తన. వాడూ తలూపాడు. అందరం సంతకం పెట్టాం. జాబితాలో గాడిదని కూడా ఎక్కించారు, రుసుముకి ఆవుతో సమానం, నీళ్లకి మేకతో సమానం అని. మరి నీళ్లు పెంచరా అంటే, అది వచ్చే ఏడాది చూస్తారట.

టోపీ నిలబడింది, గాడిద వచ్చింది, నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. అక్కడితో ఆగితే బాగుండేది.

మర్నాడు బావి దగ్గర ఆడవాళ్లు. ఒకత్తె మొగుడు తాగొచ్చి కొట్టాడట. "మరీ అంత అఫీషియల్‌గానా?" అంటోంది రెండోది. సిరిల్ తన మేకని రాయిచ్చుకు కొడుతుంటే మెక్‌లారెన్ తాత, "ఒరేయ్, అఫీషియల్ వెధవా, మూగజీవిరా అది" అన్నాడు. పాదిరిగారు బుధవారం ప్రార్థనలో పసిపిల్లల్ని చంపించిన హేరోదు రాజు గురించి చెబుతూ ఆ మాట వాడబోయి దగ్గాడు. మూడు రోజుల్లో ఊరు దాటి హార్వేవేల్ పోయింది. బందెలదొడ్డి గోడ మీద ఎవరో బొగ్గుతో రాశారు. గోడ తుడవాలంటే పైనుంచి ఉత్తర్వు కావాలట, అలాగే ఉంది.

ఈ మధ్యాహ్నం సెల్విన్ వచ్చాడు. నాలుగు కాకుండానే వచ్చాడు, టోపీ లేకుండా. గుమ్మం ముందు మెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు:

"అత్తా, ఆ పాత మాటే మళ్లీ రాయించు."

"ఏ మాటరా?"

"మెర్సిలెస్. దానికైతే కాదని వాదించుకోవచ్చు. సాక్షుల్ని తెచ్చుకోవచ్చు. నీ చెయ్యి పట్టుకుని కొండ దింపానని చెప్పుకోవచ్చు. దీనికి ఏం చెప్పుకోను? నేనే సంతకం పెట్టాను."

"అది కొట్టేశారుగా నాయనా" అన్నాను.

"పిల్లలు నన్ను చూసి పారిపోవడం లేదత్తా. పక్కకి జరిగి దారిస్తున్నారు. దండం పెడుతున్నారు."

మీ అమ్మకి ఉత్తరం రాయాలి అని చెప్పి లోపలికొచ్చి తలుపు జారేశాను. రాయడం మొదలుపెట్టి గంటయింది. ఇప్పుడే సందులోంచి చూశాను. వాడింకా అక్కడే ఉన్నాడు. ఆ మెట్టు మీద నీడ ఉండదు, నీకు తెలుసుగా, ఎండ నేరుగా నెత్తి మీద పడుతుంది. మంచినీళ్లు అడగలేదు, అడిగే ముఖం లేదు కాబోలు. నీళ్లకుండ నా మోచేతి పక్కనే ఉంది. ఈ పూట డచెస్ మోసుకొచ్చింది, నిండుగా ఉంది. ఇంతసేపూ దాన్ని చూస్తూనే రాస్తున్నాను. ఇంకా రాయాల్సినవి ఉన్నాయి, నీ కాళ్ల వాపు గురించి, నా దగ్గు గురించి. కాగితంలో చోటైపోయింది. లేస్తున్నాను.

ఎథ్లిన్